చవుడు నుంచి నిమ్మనూనె దాకా: కొల్లేటి సీమలో శుభ్రత చరిత్ర

క్రీ.శ. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునే పాత పద్ధతి ఇక ఉండదని, న్యాయమైన సుంకం మాత్రమే తీసుకుంటామని పరదేశి వర్తకులకు అభయమిచ్చిన శాసనమది. ఏ సరుకుకు ఎంత సుంకమో అందులో వరుసగా చెక్కించారు. మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, రాగి, పట్టునూలు అంటూ సాగే ఆ జాబితాలో కర్పూర తైలం కూడా ఉంది. ఇవాళ ఎసెన్షియల్ ఆయిల్ అని చిన్న సీసాలో చుక్కల లెక్కన వాడుకుంటున్న సరుకు తెలుగు తీరంలో దాదాపు 780 ఏళ్ల కిందటే సుంకం కట్టి దిగేదన్నమాట.

ఆ తైలం కొల్లేరు సరస్సు లంకల్లో చేపలు పట్టుకునే ఇంటికో, వేంగి పల్లెల్లో వరి పండించే ఇంటికో చేరిందనుకోలేం. అది సంపన్నుల సరుకు. అంతమాత్రాన ఆ ఇళ్లలో పరిమళం లేదని కాదు. పొలం గట్టున తవ్విన తుంగముస్తె, నీటి ఒడ్డున పెరిగే వట్టివేరు, ఎండబెట్టిన నిమ్మతొక్క, పెరట్లో మరువం, వీధిలో వేపాకు ఉండేవి. వీటన్నిటిలో ఉన్నవీ అలాంటి నూనెలే. కాకపోతే సీసాలోకి దించకుండా, వేరులోనూ తొక్కలోనూ ఉన్నవి ఉన్నట్టే వాడుకున్నారు.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో శుభ్రత పని ఎప్పుడూ రెండు పాళ్లుగా నడిచింది. మురికిని వదిలించేది ఒకటి, పరిమళాన్నిచ్చేది మరొకటి. చవుడు, బూడిద, కుంకుడు, ఆ తర్వాత సబ్బు మొదటి కోవలోవి. వేరు, ఆకు, తొక్క, ఇప్పుడు నూనె రెండో కోవలోవి. ఏది ఏ పని చేస్తుందో పాతవాళ్లకు చేతి అనుభవంతో తెలుసు. ఇంట్లోనే సబ్బు, నేల తుడిచే ద్రవం, గిన్నెలు తోమే పొడి చేసుకుందామనే ఉత్సాహం తెలుగు ఇళ్లలో మళ్లీ మొదలైన ఈ రోజుల్లో ఆ అనుభవాన్ని ఒకసారి వెనక్కి వెళ్లి చూడాలి.

చాకిరేవు రసాయనం

బట్టల కథ మన్నుతో మొదలవుతుంది. ఎండలు ముదిరినప్పుడు కొన్ని నేలల మీద తెల్లటి పొర పేరుకుంటుంది. భూమిలోని తడి పైకి పాకి ఆవిరైపోగా మిగిలిన లవణాల పొర అది. అందులో సోడియం కార్బొనేట్, అంటే మనం చాకలి సోడా అనే పదార్థం ఉన్న మన్నునే చవుడు అన్నారు. ఉప్పు పేరిన నేల వేరు, సోడా పేరిన నేల వేరు. ఉప్పు మురికిని వదిలించదు. సోడా నీళ్లలో కరిగి జిడ్డును విడదీస్తుంది. ఏ దిబ్బ మీది మన్ను బట్టకు పనికొస్తుందో, ఏది పనికిరాదో రజకులకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

బట్టలు ఉతకడం ఒక్క పూటలో తేలే పని కాదు. చవుడు కలిపిన నీళ్లలో బట్టలు ముంచి పిండి, పొయ్యి మీద పెట్టిన పెద్ద చాకిబాన మూతి చుట్టూ పేర్చేవారు. కింద మంట, లోపల నీళ్లు, ఆ ఆవిరి బట్టల దొంతర గుండా పైకి పాకేది. దీన్నే ఉబ్బకు వేయడం అంటారు. రాత్రంతా ఆవిరి పట్టాక పొద్దున్నే రేవుకు మోసుకెళ్లి, బండ మీద బాది, పారే నీళ్లలో జాడించి, గడ్డి మీద ఆరేసేవారు. తడి బట్ట మీద ఎండ పడితే తెలుపు తేలుతుంది. క్షారం, వేడి, దెబ్బ, నీరు, ఎండ. ఈ అయిదింటిని ఈ వరుసలోనే కలపాలన్న జ్ఞానం ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. రేవులో ఒక తరం చేస్తుంటే మరో తరం చూసి నేర్చుకుంది.

ఎవరి బట్ట ఎవరిదో గుర్తుపట్టడానికీ ఒక రసాయనం ఉండేది. నల్లజీడి గింజను గుచ్చితే వచ్చే రసంతో బట్ట అంచు మీద చిన్న గుర్తు పెడితే, ఎన్ని ఉబ్బలు పట్టినా, ఎన్ని బండ దెబ్బలు తగిలినా అది చెరగదు. అదే రసం చర్మానికి తగిలితే పుండ్లు పడతాయి. చెట్టు నుంచి వచ్చినంత మాత్రాన ఏదీ సాధువు కాదన్న సంగతి రేవులో పనిచేసినవాళ్లకు తమ వేళ్ల మీది మచ్చల వల్లే తెలుసు.

ఈ పనితనానికి ప్రపంచ వ్యాపారంలో పెద్ద చోటే ఉంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం, పాలకొల్లు, నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు తమ వర్తక స్థావరాలు పెట్టుకున్నది ప్రధానంగా నూలు బట్ట కోసమే. మాధవాయపాలెం పేరు మీద మడపొల్లం అనే తెల్లబట్ట ఐరోపా బజార్లలో చాలాకాలం అమ్ముడైంది. మగ్గం నుంచి దిగిన బట్ట గంజితో, మడ్డితో, ముతక రంగుతో ఉంటుంది. దాన్ని ఉడికించి, ఉతికి, ఎండకు వేసి తెల్లగా తేల్చాకే అది ఓడ ఎక్కాలి. కలంకారీ అద్దకానికీ ముందు అదే పని. నేత గురించి, అద్దకం గురించి చెప్పుకున్నంతగా ఆ బట్టను తెల్లబరిచిన చేతుల గురించి చెప్పుకోలేదు. ఊళ్లో రజకులకు దక్కింది కోతల సమయంలో కళ్లంలో కొలిచే మేర, పండగ పూట ఇంత అన్నం. కోస్తా తెలుగు నేల బట్టల వ్యాపారంలో గడించిన పేరులో సగం చాకిరేవుదే. ఆ మాట ఇప్పటికైనా గట్టిగా చెప్పుకోవాలి.

కుంకుడు, సున్నిపిండి

పట్టుచీరకు చవుడు పనికిరాదు. క్షారం పట్టును, ఉన్నిని తినేస్తుంది. వాటికి కుంకుడే. కుంకుడు పెంకులో ఉండే సాపోనిన్ అనే పదార్థం క్షారం అవసరం లేకుండానే నురగనిస్తుంది, జిడ్డును పట్టి నీళ్లలోకి లాగుతుంది. దాని రసం కొద్దిగా పుల్లటి గుణంతో ఉంటుంది కాబట్టి పట్టు మెరుపు పోదు. కంసాలి కొట్టులో నగలు మెరుగుపెట్టడానికి వాడిందీ అదే. బోరునీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే ఊళ్లలో సబ్బు నురగ రాక తెట్టు కడుతుంది. కుంకుడుకు ఆ ఇబ్బంది తక్కువ. కొల్లేటి నీళ్లు బయటికి పోయే ఉప్పుటేరు పక్క ఊళ్లలో దానికి ఆదరణ ఉండటానికి ఇదొక్క కారణం చాలు.

కుంకుడుకాయలు, సీకాయ ఈ పల్లపు ప్రాంతానికి ఎక్కువగా మెట్ట నుంచి, పోలవరం పైన ఏజెన్సీ కొండల నుంచి దిగేవి. కోయలు, కొండరెడ్లు ఏరి తెచ్చిన సరుకు సంతల మీదుగా డెల్టా ఊళ్లకు చేరేది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డాక ఆ సరుకుకు ఒక ప్రభుత్వ కొనుగోలుదారు దొరికాడు. ఆ సంస్థ తర్వాత కుంకుడు, వేప, పసుపు వంటి వాటితో సొంతంగా సబ్బులు కూడా తయారుచేసి అమ్ముతోంది.

తలంటు పోసుకునే రోజు పెరట్లో సందడే వేరు. కుంకుడుకాయల్ని బండ మీద రాయితో చితక్కొట్టి, నల్లటి గింజల్ని ఏరేసి, కాగిన నీళ్లలో నానబెట్టేవారు. కాసేపటికి చేత్తో పిసికితే గోధుమరంగు రసం మీద నురగ పొంగేది. కొందరు అందులో మందారాకు కూడా నలిపి కలిపేవారు, జుట్టు చిక్కు పడకుండా జారుడుగా ఉంటుందని. రసం కళ్లలో పడితే ఒకటే మంట. ఏడ్చే పిల్లవాడి నోట్లో ఒక ఉప్పుకల్లు వేసేవారు. దానితో మంట తగ్గుతుందో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. ఆ రసం రెండు రోజులు నిలవ ఉంటే పులిసిపోతుంది కాబట్టి ఎప్పటికప్పుడు కొత్తగా కొట్టుకోవలసిందే.

ఒంటికి సున్నిపిండి. పెసలో, మినుములో, సెనగలో పిండి పట్టించి, అందులో బావంచాలు, కచ్చూరాలు, గంధకచ్చూరాలు, తుంగముస్తెలు, వట్టివేర్లు, పసుపు, ఎండిన నిమ్మ లేదా నారింజ తొక్క, గులాబీ రేకులు ఎవరి ఇంటి పాళ్లలో వాళ్లు కలిపేవారు. పెళ్లిలో నలుగు పెట్టినా, సంక్రాంతికి తలంటినా, పసిబిడ్డకు నీళ్లు పోసినా ఇదే పిండి. ఇందులో పప్పుల పిండి చేసేది ఒంటి మీది నూనెను పీల్చి తీసేయడం. మిగతావన్నీ ప్రధానంగా పరిమళం కోసం.

ఆ పరిమళ ద్రవ్యాల ఎంపికలో ఒక లెక్క ఉంది. నిమ్మతొక్క వాసన ముందుగా ముక్కుకు తగులుతుంది, అంతే తొందరగా ఎగిరిపోతుంది. వట్టివేరు, తుంగముస్తె, కచ్చూరం వాసనలు బరువైనవి, నిదానంగా తేలుతాయి, చాలాసేపు నిలుస్తాయి. తేలిక వాసనను బరువు వాసనతో జతచేయడం అత్తరు తయారీలోనూ, నేటి సబ్బుల కంపెనీల్లోనూ మూలసూత్రం. సున్నిపిండి దంచిన ఆడవాళ్లు దాన్ని ఏ ప్రయోగశాలకూ వెళ్లకుండానే పట్టుకున్నారు. స్నానమయ్యాక బిడ్డ తలకు వేసే సాంబ్రాణి పొగ మాత్రం మోటుపల్లి కర్పూరంలాగే సముద్రం మీదుగా వచ్చిన సరుకు. సుమత్రా చుట్టుపక్కల చెట్ల జిగురు అది.

గిన్నెలకు పరిమళంతో పని లేదు. పిడకల బూడిద, కొబ్బరి పీచు, ఇత్తడికి చింతపండు. వరి మిల్లులు వచ్చాక ఊక బూడిద కావలసినంత దొరికింది. ఊక బూడిదలో నూటికి 85 పాళ్లకు పైగా సిలికానే, అంటే సన్నటి ఇసుక గుణం. అందుకే అడుగంటిన మసిని అది అంత బాగా గీకుతుంది.

కాలువ మీద, రైలు మీద వచ్చిన సబ్బు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతం రూపు మారిపోయింది. గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరులో కలిశాయి. కాకినాడ వైపు నుంచి బెజవాడ మీదుగా మద్రాసు దాకా పడవలు నడిచాయి. 1890ల్లో రైలు వచ్చింది. 1904లో ఏలూరులో శ్రీకృష్ణా జూట్ మిల్లు వెలిసింది. మిల్లు జీతం, పంట డబ్బు చేతిలో ఆడే పట్టణం ఒకటి తయారైంది. అంగట్లో అమ్మే సబ్బుకు ఇంతకన్నా ఏం కావాలి?

లీవర్ కంపెనీ సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లో కలకత్తా రేవులో దిగాయి. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. సబ్బును చాలా ఇళ్లు వెంటనే లోపలికి రానివ్వలేదు. అందులో జంతువుల కొవ్వు కలుస్తుందన్న అనుమానం మడి ఆచారం ఉన్న ఇళ్లలో గట్టిగా ఉండేది. ఆ అనుమానానికి జవాబుగా 1910ల చివర గోద్రెజ్ కంపెనీ కేవలం చెట్ల నూనెలతో చేసిన సబ్బును స్వదేశీ సరుకుగా బజారులోకి తెచ్చింది. అదే రోజుల్లో మైసూరు సంస్థానం ఇంకో దారి పట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఐరోపాకు ఎగుమతి ఆగి గంధపు చెక్క పేరుకుపోతే, 1916లో సొంతంగా గంధపు నూనె తీయడం మొదలుపెట్టి, 1918లో ఆ నూనెతో సబ్బు చేసింది. నిజమైన సుగంధ తైలంతో చేసిన సబ్బు అలా దక్షిణాదిలో స్నానానికి అందుబాటులోకి వచ్చింది. 1920లో కలకత్తా నుంచి వేపనూనెతో మార్గో, 1940లో కేరళ నుంచి చంద్రిక వచ్చాయి.

గాంధీజీ 1934లో అఖిల భారత గ్రామోద్యోగ సంఘాన్ని స్థాపించినప్పుడు చేపట్టిన పనుల్లో గానుగ, సబ్బు ఉన్నాయి. స్వాతంత్ర్యం తర్వాత 1957లో ఏర్పడిన ఖాదీ, గ్రామ పరిశ్రమల కమిషన్ తినడానికి పనికిరాని నూనెలతో సబ్బు చేయడాన్ని ఒక ప్రత్యేక పరిశ్రమగా ప్రోత్సహించింది. వేప, కానుగ, ఇప్ప గింజల్ని ఏరి, గానుగాడించి, ఆ నూనెతో బట్టల సబ్బు చేస్తే తినే నూనె మిగులుతుందన్నది ఆలోచన. గట్ల మీద కానుగ చెట్లు, వీధుల్లో వేప చెట్లు ఉన్న ఈ ప్రాంతానికి అది సరిగ్గా సరిపోయే ఆలోచన. కానీ 1959లో సర్ఫ్, 1969లో నిర్మా వచ్చాయి. ముఖ్యంగా నిర్మా ధర ముందు ఊరి సబ్బు నిలవలేకపోయింది. 1980ల నాటికి చాకిబాన కూడా చాలా ఊళ్లలో పొయ్యి దిగిపోయింది.

తవుడు, కాస్టిక్ సోడా, పామాయిల్

సబ్బు వాడకంలోనే కాదు, సబ్బుకు కావలసిన ముడిసరుకులోనూ ఈ ప్రాంతానికి పెద్ద పాత్రే ఉంది. డెల్టాలో వరి ఆడితే తవుడు వస్తుంది. తవుడులో నూనె ఉంది, ఆ నూనెను పాడుచేసే ఎంజైమూ ఉంది. బియ్యం ఆడిన గంటల్లోనే ఆ ఎంజైమ్ పని మొదలుపెట్టి నూనెను విరిచేస్తుంది. వెంటనే తీస్తే తినే నూనె, ఆలస్యమైతే సబ్బుకు పనికొచ్చే నూనె. దేశంలో తవుడు నూనె పరిశ్రమ మొదటి దశాబ్దాల్లో తీసిన నూనెలో చాలా భాగం సబ్బుల కంపెనీలకే వెళ్లింది.

1960లో తాడేపల్లిగూడెంలో ఫుడ్స్, ఫ్యాట్స్ అండ్ ఫర్టిలైజర్స్ కంపెనీ, ఇప్పటి త్రీఎఫ్ ఇండస్ట్రీస్, మొదలైంది. తవుడు నూనెతోపాటు మామిడి జీడి, సాల గింజల వంటి అడవి, తోట గింజల నుంచి కొవ్వులు తీయడంలో అది పేరు తెచ్చుకుంది. నూనెకు తోడు కావలసింది కాస్టిక్ సోడా. 1947లో తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ స్థాపించిన ఆంధ్రా షుగర్స్ తర్వాతి కాలంలో కొవ్వూరు, సగ్గొండల్లో ఉప్పునీటిలోకి కరెంటు పంపి కాస్టిక్ సోడా తయారుచేసింది. చవుడు దిబ్బల మీద గోకిన క్షారం స్థానంలో ఫ్యాక్టరీ క్షారం అలా వచ్చింది.

మూడోది పామాయిల్. 1990ల మొదట్లో మెట్ట రైతులు ఆయిల్‌పామ్ వైపు తిరిగారు. 1995లో ఆయిల్‌పామ్ మీద జాతీయ పరిశోధన కేంద్రం ఏలూరు పక్కనే ఉన్న పెదవేగిలో ఏర్పడింది. ఒకప్పుడు శాలంకాయనులకు, తూర్పు చాళుక్యులకు రాజధానిగా ఉన్న ఊరది. ఇవాళ బజారులో కొనే సబ్బుబిళ్లల్లో అధిక భాగానికి పామాయిలే మూలం. అలా చూస్తే ఇరవై ముప్పై కోసుల లోపు సబ్బుకు కావలసిన నూనె, క్షారం, కొబ్బరి అన్నీ తయారవుతున్న నేల ఇది.

సీసాలోకి దిగిన వాసన

సుగంధ తైలం తీయడం మాటకు తేలికే. ఆకునో వేరునో పెద్ద పాత్రలో పేర్చి కింద నుంచి ఆవిరి పంపిస్తే, ఆవిరి తనతో నూనెను మోసుకొస్తుంది. ఆ ఆవిరిని చల్లార్చితే నీళ్లు అడుగున నిలిచి, నూనె పైన తేలుతుంది. చిక్కంతా దిగుబడిలో ఉంది. వంద కిలోల పచ్చి నిమ్మగడ్డికి వచ్చేది అర కిలో అటూఇటూగా. వట్టివేరుకైతే ఏడాదికి పైగా పెంచి, తవ్వి, కడిగి, గంటల తరబడి ఆవిరి పట్టాలి. అందుకే వట్టివేరు నూనె ఖరీదు అంత. 1959లో మొదలైన, ఇప్పుడు లక్నో కేంద్రంగా ఉన్న ఔషధ, సుగంధ మొక్కల కేంద్ర సంస్థ సీమ్యాప్‌కు హైదరాబాద్ బోడుప్పల్‌లో పరిశోధన కేంద్రం ఉంది. నిమ్మగడ్డి, సిట్రోనెల్లా, పామరోజా, వట్టివేరు వంటి పంటల్ని తెలుగు రైతులకు పరిచయం చేయడంలో దాని కృషి ఉంది. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో 2007 నుంచి ఉద్యాన విశ్వవిద్యాలయం కూడా ఉంది.

కంటికి కనిపించే ప్రతి చెట్టూ సీసా నింపదు. మెట్టలో ఎకరాల కొద్దీ పెంచే జామాయిల్ తోటలు కాగితం గుజ్జు కోసం, కలప కోసం. నీలగిరి తైలం పేరుతో అమ్మే నూనె వేరే రకాల ఆకు నుంచి వస్తుంది. రోడ్డు పక్క జామాయిల్ ఆకు తెచ్చి మరిగిస్తే వాసన వస్తుంది గానీ ఆ నూనె గుణం రాదు.

ఈ ప్రాంతానికి నిజమైన సొత్తు నిమ్మ. దెందులూరు, పెదవేగి, ద్వారకాతిరుమల, కామవరపుకోట వైపు తోటల కాయ ఏలూరు మార్కెట్‌కు వచ్చి, అక్కడ ఏరి, బస్తాలకెత్తి, ఉత్తరాది రాష్ట్రాలకు లారీల్లో వెళుతుంది. ఎండాకాలంలో ధర మండిపోతుంది, 2022 ఏప్రిల్‌లో దేశమంతా దాన్ని చూసింది. వానల్లో కోత కూలి కూడా రాని రోజులూ ఉంటాయి. మచ్చపడ్డ కాయ, పగిలిన కాయ, రసం పిండాక మిగిలిన తొక్క: వీటన్నిటి తొక్కల్లో నూనె తిత్తులుంటాయి. ఆ నూనెలో ఎక్కువ పాలు లిమొనీన్. జిగురును, గ్రీజును, స్టిక్కర్ మరకను కరిగించే గుణం దానికి నిజంగానే ఉంది. సుగంధ తైలాల్లో శుభ్రం చేసే పనిలో పాలుపంచుకునే కొద్దిపాటి వాటిలో ఇదొకటి.

ఇంటి సబ్బు లెక్క

ఇంట్లో సబ్బు చేసేవారు ముందుగా తెలుసుకోవలసింది నూనె నూనెకు క్షారం లెక్క మారుతుందని. కిలో కొబ్బరి నూనె పూర్తిగా సబ్బుగా మారాలంటే దాదాపు 180 గ్రాముల కాస్టిక్ సోడా కావాలి. కిలో నువ్వుల నూనెకు 135 గ్రాముల లోపే చాలు. ఒకదాని కొలత మరొకదానికి వాడితే సబ్బు చర్మాన్ని కాలుస్తుంది, లేదా జిడ్డుగా మిగులుతుంది. చర్మానికి వాడే సబ్బులో అందుకే క్షారాన్ని లెక్కకన్నా నూటికి అయిదు పాళ్లు తగ్గించి వేస్తారు. ఎప్పుడూ నీళ్లలోకి సోడా వేయాలి, సోడా మీద నీళ్లు పోయకూడదు. అల్యూమినియం గిన్నె దగ్గరికి రానీయకూడదు. కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. అచ్చులో పోశాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనిస్తేనే బిళ్ల గట్టిపడి నిదానిస్తుంది.

సుగంధ తైలం చివర్లో, మిశ్రమం చిక్కబడ్డాక వేస్తారు. కిలో నూనెకు 30 గ్రాములు దాటనివ్వరు. ఇక్కడే సున్నిపిండి పాఠం మళ్లీ పనికొస్తుంది. నిమ్మతొక్క నూనె ఒక్కటే వేస్తే ఆరే లోపే వాసన ఎగిరిపోతుంది. నిమ్మగడ్డి నూనె అంతకన్నా నిలుస్తుంది. వాటికి వట్టివేరు నూనె కాస్త తోడైతే పరిమళం బిళ్ల అరిగేదాకా ఉంటుంది. లాభం వాసన వరకే. నాలుగు చుక్కల నూనె వేసిన బకెట్ నీళ్లు క్రిములన్నిటినీ చంపుతాయని, దోమల్ని రాత్రంతా తరుముతాయని నమ్మకూడదు. సిట్రోనెల్లా వాసన దోమను దూరం పెట్టేది గంటా రెండు గంటలే. బోదకాలు భయం పాతుకున్న ఈ పల్లపు సీమలో దోమతెరను ఏ నూనె సీసా కోసమూ మడిచిపెట్టకూడదు.

నేల తుడవడానికి ఇప్పుడు చాలామంది చేసుకుంటున్నది బయో ఎంజైమ్. మూడు పాళ్లు నిమ్మ లేదా నారింజ తొక్క, ఒక పాలు బెల్లం, పది పాళ్లు నీళ్లు ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూడు నెలలు పులియనిస్తారు. మొదటి నెల రోజూ ఒకసారి మూత వదులు చేసి గాలి పోనివ్వాలి, లేకపోతే డబ్బా పగులుతుంది. థాయ్‌లాండ్‌కు చెందిన రోసుకొన్ పూంపన్‌వాంగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి, నిమ్మకాయా బెల్లమూ రెండూ పండే ప్రాంతానికి బాగా అమరింది. తయారయ్యేది పుల్లటి ద్రవం కాబట్టి కుళాయి చుట్టూ ఉప్పునీటి తెల్ల మరకలు వదులుతాయి. పాలరాయి మీద, సున్నపు గచ్చు మీద వాడితే మాత్రం రాయి మెరుపు పోతుంది. ఏ పుల్లటి ద్రవాన్నీ బ్లీచింగ్ పౌడర్‌తో కలపకూడదు. క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. వెనిగర్‌నూ వంటసోడానూ కలిపితే పొంగు వస్తుంది గానీ, ఒకదాని బలాన్ని మరొకటి చంపేస్తుంది.

చివరికి కొల్లేటిలోకి

కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయి? బుడమేరు, తమ్మిలేరు, లెక్కకు మిక్కిలి మురుగు కాలువలు కొల్లేటిలోకి దిగుతాయి. బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. బెజవాడ, గుడివాడ, ఏలూరు పట్టణాల మురుగు అటే చేరుతుంది. 1999లో వన్యప్రాణి అభయారణ్యం, 2002లో రామ్‌సర్ చిత్తడి నేల అయిన సరస్సులోకి డిటర్జెంట్ల ఫాస్ఫేట్ చేరితే గుర్రపుడెక్కకూ పాచికీ ఎరువేసినట్టే.

కొల్లేటి చేపల రైతులకు ఇంకో సంగతి బాగా తెలుసు. చేపపిల్లల్ని వదిలే ముందు చెరువులో మాంసాహార చేపల్ని చంపడానికి ఇప్పపిండి వేస్తారు, మీటరు లోతు నీటికి హెక్టారుకు రెండున్నర టన్నుల లెక్కన. చంపేది అందులోని సాపోనిన్. కుంకుడులో నురగనిచ్చే పదార్థం కూడా ఆ జాతిదే. చేప మొప్పల్ని అది దెబ్బతీస్తుంది. రెండు మూడు వారాల్లో విరిగిపోయి ఎరువవుతుంది కాబట్టే చెరువులో వాడగలుగుతున్నారు. బకెట్ కుంకుడు రసం సరస్సును చంపదు. కానీ సహజమైనది గనుక ఎంతైనా పారబోయవచ్చన్న ధీమాకు కొల్లేరులో చోటు లేదు. సుగంధ తైలాలకూ అదే వర్తిస్తుంది, చిక్కటి నూనె ఏదైనా నీటి ప్రాణులకు మంచిది కాదు.

పాత ఇళ్లలో స్నానాల నీళ్లు కాలువలోకి కాక పెరట్లో కొబ్బరి పాదులోకి పోయేవి. మట్టి వాటిని వడగట్టేది, మట్టిలోని జీవులు మురికిని విరగ్గొట్టేవి. ఏలూరు, తాడేపల్లిగూడెం వీధుల్లో పెరడు మిగిలిన ఇళ్లు ఆ పద్ధతిని ఇప్పుడే తిరిగి మొదలుపెట్టవచ్చు. అపార్టుమెంట్లకు ఇంకుడు గుంటలు అవసరం. ఏలూరు నిమ్మ మార్కెట్‌లో పనికిరాదని పక్కనపెట్టే కాయ నుంచి తొక్కనూనె తీసే చిన్న యూనిట్లు డ్వాక్రా సంఘాల చేతికి వస్తే, ఫినాయిల్ కలపడంతో ఆగిపోయిన వాళ్ల శిక్షణ ఒక మెట్టు పైకెక్కుతుంది. ఏ మన్ను బట్టకు మంచిదో, ఎంత ఉబ్బకు ఏ మరక పోతుందో చెప్పగల రజక వృద్ధులు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలు రాసుకోవడం విశ్వవిద్యాలయాలకూ, పాత్రికేయులకూ ఈ ఏడాదే చేయదగ్గ పని.